డ్రెయిన్‌లోకి నీళ్ళు దిగేదాకా: వాననీటి డిజైన్ శిక్షణ, ప్రాజెక్టు డైరీ

హైదరాబాద్‌లో సివిల్ ఇంజనీర్లకు, ఆర్కిటెక్టులకు, సైట్ సూపర్‌వైజర్లకు వాననీటి డ్రైనేజీ డిజైన్ నేర్పడానికి మేం తయారుచేస్తున్న కోర్సు డైరీ ఇది. వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో విజయవాడలోనో ఎవరైనా ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే మా కొలతలు, సామాను లెక్క, పని చేయని పద్ధతులు అన్నీ చేతికి అందాలని రాస్తున్నాను. టీమ్‌లో ముగ్గురం. నేను డ్రైనేజీ డిజైన్లు చేసే ఇంజనీర్‌ని. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఒక సార్ ఉన్నారు. మూడో మనిషి నేల, మొక్కలు బాగా తెలిసిన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్. శిక్షణ జరిగేది నగర శివార్లలోని ఒక కాలేజీ ఆవరణలో.

ఏ వాన కోసం ఈ కోర్సు అన్నది ముందే తేల్చుకున్నాం. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు దాటింది. అలాంటి వానలకు వీధి డ్రెయిన్ ఒక్కటే సమాధానం కాదు. చెరువులు, నాలాలు, వాటి హద్దులు అన్నీ కలిసి మోయాల్సిన భారం అది. మా కోర్సు గంటకు 40, 50 మిల్లీమీటర్ల మామూలు గట్టి వాన గురించి. ప్రతి ఏడూ వస్తుంది, ప్రతి ఏడూ అవే వీధుల్లో నీళ్ళు నిలుస్తాయి. ఈ నష్టాన్ని మంచి డిజైన్‌తో, తక్కువ ఖర్చుతో ఆపవచ్చు.

దశ 1: తరగతి గదిలో మొదటి బ్యాచ్ (ఫిబ్రవరి)

పాఠాలకు ఆధారం మూడు: కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ సీపీహెచ్ఈఈఓ 2019లో తెచ్చిన వాననీటి డ్రైనేజీ మాన్యువల్, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన పట్టణ వరదల మార్గదర్శకాలు, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి పట్టణ డ్రైనేజీ పుస్తకం ఎస్‌పీ 50. వచ్చినవాళ్ళు 18 మంది. 12 గంటలూ తరగతి గదిలోనే జరిగాయి. రేషనల్ ఫార్ములా (వాన నుంచి ప్రవాహం లెక్కకట్టేది), మ్యానింగ్ ఫార్ములా (డ్రెయిన్ ఎంత నీరు మోస్తుందో చెప్పేది), పైపు సైజులు, బాక్స్ డ్రెయిన్ డిజైన్.

చివర్లో రెండు ప్రశ్నలు ఇచ్చాం.

1. 0.3 హెక్టార్ల వీధి, రన్ఆఫ్ గుణకం (పడిన వానలో ఇంకకుండా పారే వంతు) 0.85, గంటకు 50 మి.మీ. వాన. ప్రవాహం ఎంత?
2. కాలేజీ వెనక వీధిలో ప్రతి వానకూ నీళ్ళు నిలుస్తున్నాయి. మీరైతే ఏం చేస్తారు? కావాలంటే వెళ్ళి చూసి రావచ్చు.

మొదటిదానికి 16 మంది సరైన జవాబు రాశారు. క్యూ = సీ × ఐ × ఏ ÷ 360 కాబట్టి 0.85 × 50 × 0.3 ÷ 360, సెకనుకు 0.035 ఘనపు మీటర్లు, అంటే 35 లీటర్లు. తప్పిన ఇద్దరిదీ ఒకటే దారి. 2000 ఆగస్టు నాటి 240 మి.మీ. తీసుకుని 24తో భాగించారు. గంటకు 10 మి.మీ. వచ్చింది, దాంతో ప్రవాహం సెకనుకు 7 లీటర్లకు పడిపోయింది. చిన్న వీధిలో చివరి చుక్క కూడా డ్రెయిన్ దాకా రావడానికి పది పదిహేను నిమిషాలు చాలు. అందుకే అక్కడ కావలసింది ఆ పది పదిహేను నిమిషాల తీవ్రత, రోజు మొత్తం సగటు కాదు. ఇది పుస్తకంలో ఉంది, స్లయిడ్‌లోనూ ఉంది. అయినా జారిపోయింది. తర్వాతి బ్యాచ్ నుంచి ఈ భాగానికి ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ల గంటవారీ లెక్కలు తెచ్చి, ఒకే వానను రోజు సగటుగా ఒకసారి, గంట లెక్కగా ఒకసారి గీయిస్తున్నాం.

అసలు సంగతి రెండో ప్రశ్నలో బయటపడింది. 18 మందిలో 15 మంది "డ్రెయిన్ సైజు పెంచాలి" అని రాశారు. ఇద్దరు పూడిక తీయాలన్నారు. ఒకరు పంపు పెట్టమన్నారు. వీధికి వెళ్ళి, రోడ్డు మీది నీళ్ళు డ్రెయిన్‌లోకి ఏ సందులోంచి దిగుతున్నాయో చూసి రాసినవాళ్ళు ఎవరూ లేరు. వీళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. అంతా ఆఫీసుల్లో ఇదే పని రోజూ చేస్తున్నవాళ్ళు. కాలేజీలోనూ ఆఫీసులోనూ వాళ్ళ చేతికి వచ్చేది డ్రెయిన్ సెక్షన్ డ్రాయింగే. రోడ్డు అంచు నుంచి డ్రెయిన్ దాకా ఉన్న ఆ అడుగున్నర దూరం ఏ డ్రాయింగులోనూ ఉండదు.

మార్పు: తరగతి 12 గంటల నుంచి 4 గంటలకు తగ్గించాం. మిగతా సమయమంతా కొలతలకే.

ఖర్చు: ప్రింటింగు, ప్రొజెక్టర్ అద్దె, టీ, భోజనాలు 6,200 రూపాయలు. ఇప్పటిదాకా మొత్తం: 6,200.

దశ 2: వాన ఫ్రేమ్ (మార్చి, ఏప్రిల్)

రన్ఆఫ్ గుణకాన్ని పట్టికలోంచి ఎత్తిరాయకుండా చేత్తో కొలిచేలా చేయాలి. అందుకు ఒక ట్రే, దాని మీద కృత్రిమ వాన కావాలి. ట్రే 1.2 మీటర్ల పొడవు, 0.6 మీటర్ల వెడల్పు, అంటే 0.72 చదరపు మీటర్లు. గంటకు 60 మి.మీ. వాన కావాలంటే గంటకు 43 లీటర్లు పోయాలి.

మొదటి ఫ్రేమ్: పీవీసీ పైపుకు 1 మి.మీ. డ్రిల్ బిట్‌తో 48 రంధ్రాలు చేశాం. అర మీటరు ఎత్తున బకెట్ పెట్టాం. బకెట్ ఖాళీ అయిన సమయం చూసి లెక్కకడితే నిమిషానికి 4 లీటర్లు దాటింది. గంటకు దాదాపు 350 మి.మీ. వాన అన్నమాట. మట్టి ట్రేలో గుంటలు పడ్డాయి. రంధ్రాలు తగ్గిస్తే ఉన్న కొన్ని ధారలూ ఒకేచోట పడతాయి. 1 మి.మీ. కంటే సన్నటి బిట్ పీవీసీలో విరిగిపోతోంది. ఆ ఫ్రేమ్ పక్కన పడేశాం.

రెండో ఫ్రేమ్: డ్రిప్ ఇరిగేషన్ సామాను. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు 22 పెట్టాం, లెక్క ప్రకారం 44 లీటర్లు రావాలి. వచ్చింది 17. డ్రిప్పర్ మీద రాసిన 2 లీటర్లు పది మీటర్ల నీటి ఎత్తు ఒత్తిడికి వర్తిస్తుంది. మా బకెట్ ఉన్నది మీటరున్నర ఎత్తులో. ఒత్తిడి తగ్గితే ప్రవాహం దాని వర్గమూలం లెక్కన తగ్గుతుంది. అంటే మాకు వచ్చేది 2 × 0.39, గంటకు ముప్పావు లీటరు.

మూడో ఫ్రేమ్ పనిచేసింది. దాని వివరం:

1. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు 28. ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకం (ఒత్తిడి మారినా ఒకే ప్రవాహం ఇచ్చేవి) తీసుకోవద్దు, అవి ఇంత తక్కువ ఒత్తిడికి పనిచేయవు.
2. బకెట్‌లో నీటి మట్టం డ్రిప్పర్ల నుంచి 1.5 మీటర్ల ఎత్తున. మట్టం పడిపోకుండా ట్యాంకుల్లో వాడే ఫ్లోట్ వాల్వ్ బిగించాలి.
3. ఈ ఎత్తులో గంటకు 43 లీటర్లు, అంటే 60 మి.మీ. వాన. బకెట్‌ను 0.8 మీటర్లకు దించితే 44 మి.మీ., 2.5 మీటర్లకు ఎత్తితే 78 మి.మీ.
4. డ్రిప్పర్ల కింద జానెడు దూరంలో దోమతెర గుడ్డ బిగించి కట్టాలి. అది లేకపోతే చుక్కలు ఒకేచోట పడతాయి.

ట్రేలో 12 స్టీలు గ్లాసులు వరసగా పెట్టి పది నిమిషాలు వాన కురిపించి చూశాం. తెర లేనప్పుడు ఒక గ్లాసులో 6 మి.లీ. ఉంటే ఇంకోదాంట్లో 95. తెర కట్టాక అన్నీ 31కీ 46కీ మధ్య వచ్చాయి. పాఠం చెప్పడానికి ఇది చాలు.

ట్రేకి ఒక పక్క 24 మి.మీ. చెక్క పెట్టి 2 శాతం వాలు ఇచ్చాం. 20 నిమిషాల వాన, అంటే 14.4 లీటర్లు. బయటికి వచ్చిన నీళ్ళు ఇవి:

సిమెంటు పలక: 13.5 లీటర్లు, గుణకం 0.94
దిమ్మిస కొట్టిన ఎర్రమట్టి: 9.8 లీటర్లు, 0.68
వదులు మట్టి మీద గడ్డి, పొడిగా ఉన్నప్పుడు: 3.1 లీటర్లు, 0.22
అదే గడ్డి, వెంటనే రెండో వాన: 7.6 లీటర్లు, 0.53
కొత్త నీరింకే పేవర్లు: 1.4 లీటర్లు, 0.10
అవే పేవర్లు, సందుల్లో అరకిలో సన్నమట్టి ఊడ్చాక: 8.9 లీటర్లు, 0.62

ఈ ఆరు వరసలు శిక్షణలో అందరికీ గుర్తుండిపోయాయి. గడ్డికి పుస్తకంలో ఉన్న ఒక్క సంఖ్య రాసేసి ఊరుకునే ఇంజనీర్లు, రెండో వాన లెక్క చూసి చాలాసేపు మాట్లాడుకున్నారు. మన దగ్గర జూలై తర్వాత నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చే పెద్ద వానలు తడిసిన నేల మీద పడతాయి. 2010 మార్గదర్శకాలు గుణకాన్ని 0.95 దాకా తీసుకోమన్నది ఎందుకో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. పేవర్ల వరస ఆర్కిటెక్టుల కోసం. ఏడాదికి రెండుసార్లు సందులు శుభ్రం చేసే మనిషి, బడ్జెట్ లేకపోతే నీరింకే పేవర్ వేసి గుణకం 0.10 అని రాయకూడదు.

ఖర్చు: ఇనప స్టాండు 4,800, నాలుగు జీఐ ట్రేలు 6,900, పైపు, డ్రిప్పర్లు, వాల్వ్ 1,450, తెర 420, కొలత జాడీలు, గ్లాసులు 1,280. కలిపి 14,850. ఇప్పటిదాకా మొత్తం: 21,050.

దశ 3: వీధి (ఏప్రిల్, మే)

మొదటి బ్యాచ్ తప్పిన ఆ వెనక వీధినే పాఠంగా తీసుకున్నాం. పొడవు 150 మీటర్లు. ఒక పక్క ఫుట్‌పాత్ కింద 600 మి.మీ. వెడల్పు, 600 లోతు బాక్స్ డ్రెయిన్. రోడ్డు అంచున కెర్బ్‌లో (ఫుట్‌పాత్ అంచు రాయిలో) నీళ్ళు డ్రెయిన్‌లోకి దిగే నాలుగు బొక్కలు, ఒక్కొక్కటీ 300 మి.మీ. పొడవు.

సామాను: అద్దె ఆటో లెవెల్ (ఎత్తుల తేడా చూసే పరికరం), స్టాఫ్ (దాంతో చదివే నిలువు కొలబద్ద), 30 మీటర్ల టేపు, మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబ్, సుద్ద, ట్రాఫిక్ కోన్లు, రిఫ్లెక్టర్ జాకెట్లు, 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు. ఆదివారం తెల్లవారుజామున వెళ్ళాలి. మామూలు రోజుల్లో బళ్ళ మధ్య స్టాఫ్ పట్టుకోవడం ప్రమాదం.

చేసే పద్ధతి:

1. ప్రతి 10 మీటర్లకూ సుద్ద గీత. రోడ్డు మధ్య, రోడ్డు అంచు, రెండుచోట్లా రీడింగ్.
2. ప్రతి బొక్క దగ్గర మూడు రీడింగులు: రోడ్డు అంచు, బొక్క కింది పెదవి, డ్రెయిన్ అడుగు.
3. బొక్కకు మీటరు పైన ఒక క్యాన్ నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో ఫోన్‌లో వీడియో తీయాలి.
4. అన్నీ ఒకే కాగితం మీద, నిలువు స్కేలు పదింతలు పెంచి గీయాలి. లేకపోతే మిల్లీమీటర్ల తేడా కనపడదు.

మూడో అడుగులోనే చాలామందికి విషయం అర్థమైపోయింది. పోసిన నీళ్ళు బొక్క ముందుకొచ్చి, పక్కకు తిరిగి, రోడ్డు వెంబడి వెళ్ళిపోయాయి. నాలుగు బొక్కల పెదవులూ రోడ్డు అంచు కంటే 18, 22, 25, 15 మి.మీ. ఎత్తున ఉన్నాయి. సగటు 20.

రోడ్డులో అన్నింటికంటే పల్లం 92వ మీటరు దగ్గర, లెవెల్ 99.412 మీటర్లు. అక్కడ బొక్కే లేదు. దగ్గర్లోది 105వ మీటరులో ఉంది. అక్కడ రోడ్డు అంచు 99.447, పెదవి 99.469. అంటే పల్లంలో 57 మి.మీ. నీళ్ళు నిలిచాకే మొదటి చుక్క డ్రెయిన్‌లో పడుతుంది.

ఇప్పుడు లెక్క. డ్రెయిన్ అడుగు వాలు 300కి 1. పూడిక, పైన వదిలే ఖాళీ తీసేస్తే నీటి లోతు 450 మి.మీ. మ్యానింగ్ ఎన్ (డ్రెయిన్ గరుకుదనం సంఖ్య) 0.015 పెడితే వేగం సెకనుకు 1.2 మీటర్లు, ప్రవాహం సెకనుకు 330 లీటర్లు. వీధి నుంచి వచ్చేది 35 లీటర్లు. డ్రెయిన్‌కి సామర్థ్యం తొమ్మిదింతలు ఎక్కువే ఉంది.

బొక్కల లెక్క వేరు. రోడ్డు అంచున 50 మి.మీ. లోతు నీళ్ళున్నాయనుకుందాం. వియర్ ఫార్ములా (అంచు మీంచి పొర్లే నీళ్ళ లెక్క), గుణకం 1.6. పెదవి రోడ్డుతో సమంగా ఉంటే 300 మి.మీ. బొక్క సెకనుకు 5.4 లీటర్లు మింగుతుంది. పెదవి 20 మి.మీ. ఎత్తున ఉంది కాబట్టి మిగిలే లోతు 30, అప్పుడు 2.5 లీటర్లే. ఆకులు, ప్లాస్టిక్ కవర్లు సగం మూసేస్తాయి, 1.25. నాలుగూ కలిపి 5 లీటర్లు.

330 లీటర్లు మోయగల డ్రెయిన్. 35 లీటర్లు తెచ్చే వీధి. 5 లీటర్లు దించే బొక్కలు. ఈ మూడు సంఖ్యలూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాక ఎవరూ డ్రెయిన్ సైజు పెంచమనలేదు. నగరాల్లో ఎన్ని వీధుల్లో, ఎన్ని కోట్లు పెట్టి, ఉన్న డ్రెయిన్ పగలగొట్టి పెద్దది కడుతున్నామో తలచుకుంటే మనసు కష్టంగా ఉంటుంది. కొత్తది కట్టాక కూడా బొక్కలు అలాగే పోస్తే వచ్చే వానకు నీళ్ళు మళ్ళీ అక్కడే నిలుస్తాయి.

శిక్షణకు వచ్చినవాళ్ళే వేసిన సవరణ డిజైన్: నాలుగు బొక్కలకు బదులు మూడు, ఒక్కొక్కటీ 900 మి.మీ. ఒకటి కచ్చితంగా 92వ మీటరులో. పెదవి రోడ్డు అంచు కంటే 25 మి.మీ. కిందికి, అంటే నీటి లోతు 75. ఒక్కొక్కటీ సెకనుకు 29 లీటర్లకు పైన, సగం మూసుకుపోతే 14.8, మూడు కలిపి 44. బొక్క వెనక క్యాచ్ పిట్, దాని అడుగు డ్రెయిన్ కంటే 300 మి.మీ. లోతుగా. ఇసుక అక్కడే ఆగుతుంది, చేత్తో తీయవచ్చు.

ఈ డ్రాయింగ్ పట్టుకుని చూస్తున్న మేస్త్రి ఒక మాటన్నాడు: "మేడం, మళ్ళొకపారి బీటీ ఏస్తే ఈ బొక్క సగం మూస్కపోతది గద?" నిజమే. పాత రోడ్డు మీద బీటీ, అంటే తారు, పొర మీద పొర వేస్తూ పోతే ప్రతిసారీ 30, 40 మి.మీ. లేస్తుంది. మా 25 మి.మీ. పల్లం ఒక్క పొరకే పోతుంది. అందుకని బొక్క ఎత్తు 150 నుంచి 200కు పెంచాం. కెర్బ్ మీద రోడ్డు ఉండాల్సిన మట్టానికి పసుపు పెయింటు గీత గీయించాం. అంచున మీటరు వెడల్పున పాత బీటీ మిల్లింగ్ చేసి తీశాకే కొత్తది వేయాలని స్పెసిఫికేషన్‌లో చేర్చాం. అప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌కీ ఇద్దరు మేస్త్రీలను రోజుకూలి ఇచ్చి పిలుస్తున్నాం. వాళ్ళు లేకుండా వీధి పాఠం పెట్టం.

అనుమతులొచ్చి జూలై మొదట్లో రెండు బొక్కలు పూర్తయ్యాయి. మూడోదానికి కరెంటు కేబుల్ అడ్డొచ్చి ఆగింది. ప్రహరీ గోడ మీద సెంటీమీటర్ల గీతలు పెయింటు వేసి, ఆ వీధిలోనే ఉండే ఒక ట్రైనీ వాన పడ్డప్పుడల్లా రాసుకున్నాడు. ముందు: గంటలో 38 మి.మీ. వానకు 160 మి.మీ. లోతు, రెండున్నర గంటలు. తర్వాత: గంటలో 41 మి.మీ. వానకు 60 మి.మీ., 25 నిమిషాలు.

ఖర్చు: లెవెల్ అద్దె, కోన్లు, జాకెట్లు, కూలి 5,600. ఇప్పటిదాకా మొత్తం: 26,650. బొక్కల ఖర్చు కాలనీది, ఇందులో కలపలేదు.

దశ 4: నేల ఎంత తాగుతుంది (మే)

ఇంకుడు గుంతలు, రెయిన్ గార్డెన్లు (వాననీళ్ళు ఇంకే మొక్కల మడులు) డిజైన్ చేయాలంటే నేల గంటకు ఎన్ని మిల్లీమీటర్లు ఇంకించుకుంటుందో తెలియాలి. మేం చూసిన డ్రాయింగులు చాలావాటిలో ఆ సంఖ్యే ఉండదు. అన్నిచోట్లా ఒకే కొలత గుంత, ఒకే కంకర.

వెల్డర్ దగ్గర 30, 60 సెంటీమీటర్ల రెండు ఇనప రింగులు చేయించాం. మొరం నేలలో దిగలేదు. సుత్తితో కొడితే అంచు వంగింది, రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు పక్కకు కారాయి. రింగు చుట్టూ బంకమట్టి మెత్తితే కొంత ఆగింది గానీ ఒక్క రీడింగుకే పూట పోతోంది. దాన్ని వదిలేసి గుంత పరీక్షకు మారాం:

1. అడుగు వెడల్పు, అడుగు పొడవు, రెండడుగుల లోతు గుంత. గోడలను పారతో నునుపు చేయకూడదు, గీరి వదలాలి.
2. అడుగున రెండు అంగుళాల కంకర. నీళ్ళు నింపి రాత్రంతా నాననివ్వాలి.
3. మర్నాడు అడుగు ఎత్తున నీళ్ళు పోసి, ప్రతి పది నిమిషాలకూ స్కేలుతో మట్టం చూడాలి.
4. వరసగా మూడు రీడింగులు ఒకేలా వచ్చేదాకా ఆపకూడదు. గోడల్లోంచి ఇంకింది కూడా కలిసొస్తుంది కాబట్టి సవరణ చేయాలి.
5. వచ్చినదాంట్లో సగమే డిజైన్‌కు వాడాలి.

కాలేజీ ఆవరణలో మొరం. పొడి గుంతలో మొదటి పది నిమిషాల్లో 38 మి.మీ. దిగింది. నానాక, సవరణ తర్వాత, గంటకు 22 మి.మీ. డిజైన్‌కు 11.

ఒక ట్రైనీ పనిచేస్తున్న లేఅవుట్ పాత చెరువు ఆయకట్టు నేల. నల్లరేగడి, మే నెలలో వేలు దూరేంత నెర్రెలు. పొడిగా పోస్తే గంటకు 90 మి.మీ. లెక్కన గుటగుట తాగేసింది. ఆ సంఖ్యతో రిపోర్టు రాసేవాళ్ళు ఉన్నారు. రాత్రంతా నానాక నెర్రెలు మూసుకున్నాయి. మర్నాడు గంటకు 2 మి.మీ. రేగడిలో ఎండాకాలం పొడి పరీక్షకు విలువ లేదు.

ఇంకో జాగ్రత్త హైదరాబాద్‌కు తప్పనిసరి. ఇక్కడ మొరం కింద గ్రానైట్ ఎంత లోతున ఉందో గజం గజానికీ మారుతుంది. మా ఆవరణలోనే ఒక మూల 1.1 మీటర్లకే షీట్ రాక్ తగిలింది. రాయి మీద కట్టిన ఇంకుడు గుంత నీళ్ళతొట్టి అవుతుంది. ముందు గడ్డపారతో మూడుచోట్ల పొడిచి చూడకుండా స్థలం ఖాయం చేయవద్దు.

ఖర్చు: రింగులు, కూలి, ట్యాంకర్ నీళ్ళు 7,400. ఇప్పటిదాకా మొత్తం: 34,050.

దశ 5: రెయిన్ గార్డెన్ కట్టడం (జూన్)

180 చదరపు మీటర్ల రూఫు నీళ్ళు 12 చదరపు మీటర్ల మడిలోకి. 40 మి.మీ. వానకు, గుణకం 0.9 లెక్కన, వచ్చేవి 6.5 ఘనపు మీటర్లు. మడిలో పైన 150 మి.మీ. నిలువ, కింద 450 మి.మీ. కంకర, దాని సందులు 35 శాతం. రెండూ కలిపి 3.7 ఘనపు మీటర్లు. మిగతాది ఓవర్‌ఫ్లో పైపులోంచి డ్రెయిన్‌కు. గంటకు 11 మి.మీ. లెక్కన నిండిన మడి ఖాళీ కావడానికి 28 గంటలు. ఇదే మడి రేగడిలో కడితే, గంటకు 1 మి.మీ. లెక్కన 300 గంటలు దాటుతుంది. దాదాపు పదమూడు రోజులు నీళ్ళు నిలిస్తే దోమలు. మా పరిమితి 48 గంటలు. రేగడిలో కింద రంధ్రాల పైపు పెట్టి డ్రెయిన్‌కు కలపాల్సిందే.

పనిలో ఎదురైనవి:

జేసీబీ. గుంత తవ్వాక కంకర దించడానికి బండి మడిలోకే దిగింది. మళ్ళీ పరీక్ష చేస్తే 22 ఉన్నది 4కి పడిపోయింది. గడ్డపారలతో అడుగు లోతు కుళ్ళగిస్తే 17కు వచ్చింది. అందులో సగం 8.5 తీసుకుంటే ఖాళీ అయ్యే సమయం 36 గంటలు, పరిమితిలోనే ఉంది. ఇక నుంచి మడి నాలుగు పక్కలా తాడు కట్టడం మొదటి పని. బండి గట్టు మీదే ఉండాలి.

కంకర. క్రషర్ నుంచి వచ్చిన 40 మి.మీ. కంకరలో దుమ్ము చాలా ఉంది. డ్రమ్ములో కడిగితే నీళ్ళు చిక్కటి బూడిదరంగు. ఆ దుమ్ము అడుగుకు చేరితే నేలను మూసేస్తుంది. మొత్తం కడిగించాం.

చెక్కపొట్టు. తేమ నిలవడానికి పైన పరిచాం. మొదటి వానకే తేలి ఓవర్‌ఫ్లో జాలీకి అడ్డుపడింది. తీసేసి 20 మి.మీ. కంకర పరిచాం. రూఫు పైపు కింద మట్టి కోసుకుపోతే జానెడు రాళ్ళు పేర్చాం. మొక్కలు వట్టివేరు, మెట్టతామర.

ఖర్చు: కంకర 8,100, జేసీబీ 4,800, మట్టి, ఎరువు, మొక్కలు 6,500, పైపు, ఇటుక పని 3,900, కూలి 9,600. కలిపి 32,900. ఇప్పటిదాకా మొత్తం: 66,950.

దశ 6: రెండో బ్యాచ్ (సెప్టెంబరు)

20 మంది. తరగతి 4 గంటలు, వాన ఫ్రేమ్, వీధి, నేల, మడి కలిపి 12 గంటలు. పరీక్ష తీసేశాం. దాని బదులు ఎవరి ఆఫీసు నుంచి వాళ్ళు నడుస్తున్న డ్రాయింగ్ ఒకటి తేవాలి, పక్కవాళ్ళు దాన్ని ఐదు ప్రశ్నలతో చూడాలి: పల్లం ఎక్కడ, అక్కడ బొక్క ఉందా, పెదవి లెవెల్ రాశారా, సగం మూసుకుంటే చాలుతుందా, శుభ్రం చేసే మనిషి చెయ్యి అక్కడికి పడుతుందా. వచ్చిన 20 డ్రాయింగుల్లో పెదవి లెవెల్ ఉన్నవి రెండే. తిరిగి వెళ్ళేటప్పుడు అన్నింటిలోనూ ఉంది.

తర్వాత వేరే వీధి చూపించి మొదటి బ్యాచ్‌ను అడిగిన ప్రశ్నే అడిగాం. 14 మంది ముందు బొక్కలు కొలిచారు. ఆరుగురు ఇంకా డ్రెయిన్ సైజుతోనే మొదలుపెట్టారు. ఆ ఆరుగురిలో ఐదుగురు వీధి పాఠం రోజు రానివాళ్ళు. అందుకే వీధి పాఠానికి రాకపోతే సర్టిఫికెట్ ఇవ్వకూడదని నిర్ణయించాం.

ఈ బ్యాచ్‌లో రిటైర్డ్ సార్ ఎత్తిన ప్రశ్నకు మా కోర్సులో జవాబు లేదు. డ్రెయిన్ చివర చెరువులో కలుస్తుంది. చెరువు నిండి మత్తడి (అలుగు) పోస్తున్నప్పుడు ఆ చివర పరిస్థితి ఏమిటి? వెళ్ళి కొలిచాం. ఆ రెండో వీధి డ్రెయిన్ అడుగు, చెరువులో కలిసేచోట, మత్తడి మట్టం కంటే 0.35 మీటర్లు కింద ఉంది. వాలు 300కి 1 కాబట్టి చెరువు నిండితే నీళ్ళు 105 మీటర్ల దాకా డ్రెయిన్‌లో వెనక్కి నిలుస్తాయి. ఆ మేర మ్యానింగ్ లెక్కలో రాసుకున్న వాలు పనిచేయదు. బొక్కలు ఎంత బాగున్నా నీళ్ళు కదలవు. గొలుసుకట్టు చెరువుల మీద పెరిగిన నగరంలో ఈ కొలత లేని డిజైన్‌ను ఒప్పుకోకూడదు.

మూడో బ్యాచ్‌కు చేరుస్తున్నవి:

1. చెరువు దగ్గర రెండు గంటలు: మత్తడి మట్టం, డ్రెయిన్ చివరి మట్టం, ఎఫ్‌టీఎల్ రాళ్ళు (చెరువు నిండు మట్టం హద్దు రాళ్ళు), మూడింటినీ ఒకే బెంచ్‌మార్క్‌కు (ఎత్తు తెలిసిన గుర్తుకు) కలపడం.
2. వాననీటి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టే, ఉచితంగా దొరికే ఎస్‌డబ్ల్యూఎంఎం సాఫ్ట్‌వేర్‌లో అదే వీధిని చెరువు ఖాళీగా ఉన్నప్పుడు, నిండినప్పుడు నడిపి చూడటం. వీధి కొలిచాకే ల్యాప్‌టాప్ తెరవాలి.
3. ఎండిన రోజు డ్రెయిన్‌లో పారే మురుగు కొలత. ఇళ్ళ కనెక్షన్లు కలిసిన డ్రెయిన్ల నీటిని రెయిన్ గార్డెన్‌లోకి మళ్ళించకూడదు కాబట్టి ఇది ముందే తెలియాలి.
4. వాన ఫ్రేమ్‌కు రెండో సెట్ డ్రిప్పర్లు. బోరు నీళ్ళ ఉప్పు పట్టి మొదటి సెట్‌లో ఐదు మూసుకుపోయాయి. ఈసారి ముందు ఫిల్టర్ బిగించి, ప్రతి వాడకం ముందు పది నిమిషాలు గ్లాసులతో సరిచూడాలి.